హాఫ్నియం కథ: ఆవర్తన పట్టిక నుంచి మౌలాలి దాకా

మనలో చాలామందికి ఆవర్తన పట్టిక అంటే హైస్కూలు గోడకు వేలాడిన చార్టు, పరీక్షల కోసం వల్లె వేసిన పేర్లు. ఆ గళ్ళు ఆ ఆకారంలోనే ఎందుకున్నాయని అడిగే తీరిక అప్పుడు లేదు. ఇప్పుడుంది. పైగా ఆ ప్రశ్నకూ మన నగరానికీ దగ్గర సంబంధం ఉంది.

1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ మూలకాలను భారాల క్రమంలో పేర్చి, గుణాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని చూపాడు. కారణం ఆయనకు తెలియదు. ఎలక్ట్రాన్ సంగతి తెలిసిందే 1897లో. 1913లో ఇంగ్లండులో మోస్లే ఎక్స్-కిరణాలతో పరీక్షించి, అసలు క్రమం భారానిది కాదు, పరమాణు సంఖ్యదని తేల్చాడు. దాంతో ఏయే గళ్ళు ఖాళీగా ఉన్నాయో లెక్క తేలింది. వాటిలో 72వది ఒకటి.

మన సర్వీసు భాషలో చెప్పాలంటే పరమాణు సంఖ్య సీనియారిటీ నంబరు. వెలుపలి ఎలక్ట్రాన్ల అమరిక కేడరు. ఎలక్ట్రాన్లు ఎస్, పి, డి, ఎఫ్ అనే ఉపకర్పరాల్లో సర్దుకుంటాయి. వాటిలో వరుసగా 2, 6, 10, 14 మాత్రమే పడతాయి. పట్టికలో అడ్డు వరుసల పొడవు 2, 8, 18, 32గా ఉండటం ఈ అంకెల కూడికే. ఎడమవైపు రెండు నిలువు వరుసలు ఎస్, కుడివైపు ఆరు పి, నడుమ పది డి. అడుగున విడిగా కనిపించే రెండు వరుసలు ఎఫ్.

72వ మూలకాన్ని కనుగొన్నానని పారిస్‌లో ఉర్బేన్ 1911లో ప్రకటించి, దానికి సెల్టియం అని పేరు పెట్టాడు. అది విరళ మృత్తిక లోహాల జాతిదన్నాడు. కోపెన్‌హాగన్‌లో నీల్స్ బోర్ ఒప్పుకోలేదు. ఆ జాతి 71తోనే నిండిపోతుంది, కాబట్టి 72 జిర్కోనియంకు తోబుట్టువు కావాలన్నాడు. అలా అనుమానించిన రసాయనవేత్తలు అంతకుముందూ ఉన్నారు. ఎలక్ట్రాన్ల లెక్కతో కారణం చెప్పింది బోర్. కోస్టర్, హెవెసీ జిర్కోనియం ఖనిజాల్లో వెదికారు, దొరికింది. 1922 డిసెంబరులో తన నోబెల్ ఉపన్యాసంలో బోర్ ఆ సంగతి చెప్పాడు. కోపెన్‌హాగన్‌కు లాటిన్ పేరైన హాఫ్నియా మీదుగా అది హాఫ్నియం అయింది. ఉపకర్పరాల్లో ఎన్ని పడతాయన్న లెక్క స్టోనర్ (1924), పౌలీ (1925)ల చేతుల్లో స్థిరపడింది.

ఈ తోబుట్టువులను విడదీయడం మహా కష్టం. వెలుపల రెండింటికీ నాలుగేసి ఎలక్ట్రాన్లే. 4ఎఫ్ నిండే క్రమంలో పరమాణువులు కుంచించుకుపోవడంతో పరిమాణం కూడా దాదాపు ఒకటే. బాటసింగారం పండ్ల మార్కెట్టులో ఒకే రంగు, ఒకే సైజు బత్తాయిలలో ఏది తీపో, ఏది పులుపో కోస్తేగాని తెలియనట్టు, వీటి తేడా కేంద్రకంలో దాగి ఉంది. జిర్కోనియం న్యూట్రాన్లను దాదాపు వదిలేస్తుంది. హాఫ్నియం 500 రెట్లకు పైగా మింగుతుంది. అందుకే అణు రియాక్టరులో ఇంధన గొట్టాలకు హాఫ్నియం తీసేసిన జిర్కోనియమే కావాలి.

ఆ పని జరిగేది మన దగ్గరే. బాటసింగారం నుంచి ఎల్.బి.నగర్, ఉప్పల్ దాటి మౌలాలి వైపు వెళితే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వస్తుంది. 1971లో ఏర్పడింది. సముద్రతీరపు ఇసుకలోని జిర్కాన్‌ను కాస్టిక్ సోడాతో కరిగించి, నత్రికామ్లంలోకి తెచ్చి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటుతో కలిపితే జిర్కోనియం ఎక్కువగా అందులోకి చేరుతుంది, హాఫ్నియం వెనకబడుతుంది. ఒక్కసారికి తేడా కొంచెమే. అందుకే దశలు దశలుగా చేయాలి. ఖనిజంలో జిర్కోనియం వెంట సుమారు 2 శాతం ఉండే హాఫ్నియం చివరికి పదివేలలో ఒక వంతు కన్నా తగ్గుతుంది.

ఆవర్తన పట్టిక ఎలక్ట్రాన్లు రాసుకున్న చిట్టా. కేంద్రకం సంగతి అందులో ఉండదు. ఆ రెండింటి మధ్య తేడాతోనే మౌలాలిలో ఎందరో కార్మికులకు, ఇంజనీర్లకు జీవితమంతా పని దొరికింది. మనవడు పట్టిక వల్లె వేస్తుంటే, 40వ గడినీ దాని కింద 72వ గడినీ చూపించి ఈ కథ చెప్పండి. ఆ రెండు పేర్లూ ఇక మరచిపోడు.