చిన్న కారు చక్రానికి కొలత పెట్టిందెవరు?

కొత్త కారు కొనేవాళ్లు ఇప్పుడు చక్రాన్ని అందంలో భాగంగా చూస్తున్నారు. అంగుళం పెరిగితే బండికి దర్జా పెరిగినట్టు లెక్క. కానీ చిన్న కారు చరిత్రలో చక్రం కొలతను అందం నిర్ణయించడం బాగా ఆలస్యంగా మొదలైంది. మొదట దాన్ని కుదించింది లోపల కూర్చునే మనిషి కాళ్లకు చోటు చెయ్యడానికి. తర్వాత పెంచింది ఆ బండిని సరిగ్గా ఆపడానికి. ఈ రెండూ స్పష్టంగా కనిపించేది బ్రిటన్‌లో పుట్టిన మినీ కారు కథలో. 1956లో సూయజ్ కాలువ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. జర్మనీ నుంచి వచ్చిన బుడగల్లాంటి బుల్లి కార్లకు గిరాకీ పెరిగింది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డ్‌కు అవి నచ్చలేదు. నలుగురు కూర్చోగల అసలైన చిన్న కారు తయారు చెయ్యమని ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్‌కు పని అప్పగించాడు.

ఇసిగోనిస్ తీసుకున్న హద్దు పది అడుగుల పొడవు. అందులో ఎనభై శాతం చోటు మనుషులకూ సామానుకూ దక్కాలన్నాడు. ఇంజన్‌ను అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సును దాని కిందే నూనె తొట్టిలో అమర్చి ముందుభాగాన్ని కుదించాడు. అయినా చక్రాల గొడవ తీరలేదు. చక్రం తన వ్యాసమంత చోటుతోనే సరిపెట్టుకోదు. ముందు చక్రం పక్కకు తిరగాలి, గతుకులో పైకి లేవాలి. వెనక చక్రం కూడా లేవాలి. అందుకు విడిచిన గూడు ముందువైపు డ్రైవరు పాదాల పక్కకూ, వెనకవైపు సీటు అంచులోకీ చొచ్చుకొస్తుంది. ఇసిగోనిస్ స్వయంగా రూపొందించిన 1948 నాటి మోరిస్ మైనర్‌కు 14 అంగుళాల చక్రాలు. ఆ రోజుల్లో అవే చిన్నవనిపించుకున్నాయి. మినీకి ఆయన 10 అంగుళాలకు దిగి, డన్‌లప్ కంపెనీ చేత 5.20-10 టైరు తయారు చేయించాడు. ఆ కొలత చక్రాలు ఇసెట్టా లాంటి బుల్లి కార్లకు అప్పటికే ఉన్నాయి, నిజమే. కానీ అవి మోసేది దాదాపు 350 కిలోల బండిని. మినీ బరువే 600 కిలోలకు దగ్గర, దానిమీద నలుగురు మనుషులు. 1959 ఆగస్టులో కారు బయటికొచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. చక్రం చిన్నదయ్యేకొద్దీ గుంతలో ఎక్కువ లోతుకు దిగుతుంది, గతుకు మీద ఎక్కువ ఎగురుతుంది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ 2సీవీ కూడా సామాన్యుల చిన్న కారే. దున్నిన చేలో కోడిగుడ్ల బుట్ట పెట్టుకుని వెళ్లినా ఒక్క గుడ్డూ పగలకూడదన్నది దానికి పెట్టిన షరతు. అందుకే దానికి 400 మిల్లీమీటర్ల రిమ్ముతో సన్నటి, ఎత్తయిన చక్రాలు వేశారు. మరి ఇసిగోనిస్‌ది తప్పేనా? కాదనే నా అభిప్రాయం. 2సీవీ పొడవు 3.78 మీటర్లు, మినీది 3.05. ఆ డెబ్బై సెంటీమీటర్ల తేడాలో పెద్ద చక్రం హాయిగా ఇముడుతుంది. ఇసిగోనిస్‌కు ఆ వెసులుబాటు లేదు. అయితే చిన్న చక్రం తెచ్చిన కష్టాన్ని ఆయన వదిలెయ్యలేదు. మినీకి సస్పెన్షన్ రూపొందించిన అలెక్స్ మౌల్టన్ ఇనుప స్ప్రింగుల బదులు రబ్బరు శంకువులు అమర్చాడు. బరువు పెరిగేకొద్దీ అవి గట్టిపడతాయి. ఖాళీ కారుకూ, దాని బరువులో సగం మనుషులెక్కిన కారుకూ ఒకే సస్పెన్షన్ పనికి రావాలంటే ఆ గుణం తప్పనిసరి.

రిమ్ము చిన్నదైతే దాని లోపల బ్రేకుకూ చోటు తగ్గుతుంది. ఈ సంగతే మినీ చక్రాన్ని చివరికి పెంచింది. మొదటి కారుకు నాలుగు వైపులా 7 అంగుళాల డ్రమ్ములు. 34 హార్స్‌పవర్‌కు అవి సరిపోయాయి. 1961లో రేసు కార్ల తయారీదారు జాన్ కూపర్ పేరుతో 55 హార్స్‌పవర్ మినీ వచ్చింది. ముందు చక్రాలకు డిస్కులు పెట్టారు గానీ, ఆ రిమ్ములో పట్టేది 7 అంగుళాల డిస్కే. వేగంగా పోయే బండిని ఆపినప్పుడు పుట్టే వేడిని అంత చిన్న పళ్లెం ఎంతని మోస్తుంది? 1963 కూపర్ ఎస్‌కు 7.5 అంగుళాల డిస్కు పెట్టారు. పదంగుళాల చక్రంతోనే 1964లో డ్రైవరు పాడీ హాప్‌కిర్క్ మాంటీ కార్లో ర్యాలీ గెలిచాడు కదా అంటే, గెలిచాడు. కానీ ర్యాలీ కారుకున్న నేర్పరి చేతులూ, వెంట నడిచే మెకానిక్కులూ ఆఫీసుకు పోయే ఉద్యోగికి ఉండవు. 1984లో మినీలన్నిటికీ 12 అంగుళాల చక్రాలు, 8.4 అంగుళాల డిస్కులు కలిసే వచ్చాయి. చక్రం పెరగడానికి కారణమేమిటో ఆ జంటే చెబుతోంది.

మన దేశంలో ఇదే క్రమం మరో దారిలో సాగింది. అంబాసిడర్‌కు 15 అంగుళాలు, ప్రీమియర్ పద్మినికి 14. 1983 డిసెంబరులో 12 అంగుళాల చక్రాలతో మారుతి 800 వచ్చింది. మన గతుకుల రోడ్లకు పెద్ద చక్రమే కావాలన్న వాదన బలమైనదే. అయినా ఆ కారు 2014 దాకా తయారైంది. తేలికపాటి బండిలో నలుగురికీ చోటు దొరకడం కొనుగోలుదారుకు అంతకంటే ముఖ్యమైంది. పైగా రోడ్డుకు తెలిసేది రిమ్ము కాదు, టైరుతో కలిపిన మొత్తం ఎత్తు. ఆల్టో 800 టైరు మీద 145/80 ఆర్12 అని ఉంటుంది. వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 80 శాతం, అంటే 116. అది పైనా కిందా కలిపి 232, రిమ్ము 305, మొత్తం 537 మిల్లీమీటర్లు. 2010 నాటి ఆల్టో కే10కు 155/65 ఆర్13. రిమ్ము అంగుళం పెరిగింది, లెక్క కడితే ఎత్తు మాత్రం 532. గుంత దగ్గర దీనివల్ల లాభమేమీ లేదు, పక్కగోడ తగ్గినందువల్ల మెత్తదనమూ కొంత పోతుంది. పెద్ద రిమ్ము మోజు మీద నా అభ్యంతరం ఇక్కడే. 2022 కే10కు వేసిన 145/80 ఆర్13 వేరే సంగతి. ఎత్తు 562కు చేరింది, ఆల్టో 800తో పోలిస్తే ఇరుసు పన్నెండు మిల్లీమీటర్లకు పైగా లేచింది. అదే టైరును పాత ఆల్టో 800కు తగిలిస్తే ఒక్కో చుట్టుకూ బండి దాదాపు అయిదు శాతం ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరు లెక్క తప్పుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు టైరు గూటికి రాసుకునే ప్రమాదమూ ఉంది.