కోటీశ్వరుల జట్టుకు కాలేజీ మాస్టారు

మే 5 వస్తోందంటే పాతతరం అమెరికా బాస్కెట్‌బాల్ ప్రియులకు బెలూన్లు గుర్తొస్తాయి. 1969లో ఆ రాత్రి లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో, ‘ఫోరమ్’ స్టేడియం పైకప్పుకు కట్టిన వలల్లో వేలాది బెలూన్లు ఊది సిద్ధంగా పెట్టారు. సొంత జట్టు లేకర్స్ గెలవగానే బెలూన్లు రాలాలి, బ్యాండు మోగాలి. రెండూ జరగలేదు. తప్పెవరిదన్న వాదన ఇప్పటికీ తెగలేదు గానీ, బోనులో ఎక్కువసార్లు నిలబడింది మాత్రం కాలేజీ నుంచి వచ్చిన ఒక కోచ్.

కాలేజీ కుర్రాళ్లను ఆడించే మనిషిని పిలిచి, ఆటే జీవనోపాధిగా ఉన్నవాళ్ల జట్టును చేతిలో పెట్టడం అమెరికాలో పాత అలవాటే. అసలు ఆట పుట్టిందే బళ్లో. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో కుర్రాళ్లకు పని చెప్పడానికి రెండు పీచ్ పళ్ల బుట్టలు తగిలించి దీన్ని మొదలుపెట్టాడు. మూలపురుషుడే డ్రిల్లు మాస్టారన్నమాట.   నైస్మిత్ తర్వాత కాన్సస్ విశ్వవిద్యాలయానికి కోచ్‌గా వెళ్లి 55 ఆటలు గెలిచాడు, 60 ఓడాడు. అక్కడ గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ నేటికీ ఆయనొక్కడే.

తర్వాతి యాభై ఏళ్లలో డబ్బుకు ఆడే జట్లు డ్యాన్సు హాళ్లలోనూ చిన్న ఊళ్ల జిమ్ముల్లోనూ ఎన్నో పుట్టాయి, ఎన్నో మూతపడ్డాయి. జనం ఎగబడింది కాలేజీ ఆటలకే. 1946లో ఒక లీగు, 1949లో ఇంకోదానితో కలిసి ఎన్‌బీఏ, 1954లో బంతి పట్టిన 24 సెకన్లలోగా బుట్టకు వెయ్యాలన్న నిబంధన. పరువంతా కాలేజీలది, ఖాళీ కుర్చీలన్నీ లీగువి. అందుకే యజమానులు కోచ్ కావాలంటే కాలేజీల వైపు చూశారు.

లేకర్స్‌కు ఈ మోజు మరీ ఎక్కువ. 1960లో జట్టు మినియాపోలిస్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చింది. అదే ఏడాది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం నుంచి జెర్రీ వెస్ట్‌నూ, అతని కోచ్ ఫ్రెడ్ షాస్‌నూ తెచ్చుకుంది. గుర్రాన్ని కొంటే రౌతు కూడా వచ్చినట్టయింది. షాస్ జట్టు 1962, 63, 65, 66 ఫైనల్స్‌లో నాలుగుసార్లూ బోస్టన్ సెల్టిక్స్ చేతిలోనే ఓడింది. 1967లో షాస్ మేనేజరు కుర్చీలోకి మారి, తన స్థానంలోకి మరో కాలేజీ కోచ్‌నే వెతికి తెచ్చాడు. ఆయనే బుచ్ వాన్ బ్రెడా కాఫ్.

ఈ మనిషంటే నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. తండ్రి 1912 ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడి కాంస్యం గెలిచాడు. కొడుకు న్యూయార్క్ నిక్స్‌కు నాలుగేళ్లు ఆడి, ఆ తర్వాత చిన్న కాలేజీలు తిరిగి, ప్రిన్స్‌టన్ చేరాడు. చదువుకే తప్ప ఆటకు పెద్దగా పేరులేని ఆ విశ్వవిద్యాలయాన్ని 1965లో బిల్ బ్రాడ్లీ అనే కుర్రాడి అండతో జాతీయ పోటీల సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. గొంతు పెద్దది, ఓర్పు చిన్నది. బెంచి ముందు అటూ ఇటూ ఉరుకుతూ రిఫరీలతో తగువు పెట్టుకునేవాడు. ఆయన పాఠం ఒక్కటే: అయిదుగురూ కదలాలి, బంతి అందరి చేతుల్లోనూ తిరగాలి, ఎవడూ నిలబడిపోకూడదు.

లేకర్స్‌లో మొదటి ఏడాది 52 గెలుపులు, ఫైనల్లో మళ్లీ బోస్టన్ చేతిలో ఓటమి. అప్పుడు యజమాని జాక్ కెంట్ కుక్ ముగ్గురు ఆటగాళ్లను ఇచ్చేసి ఫిలడెల్ఫియా నుంచి విల్ట్ చాంబర్లేన్‌ను తెచ్చాడు. ఏడడుగుల ఒక అంగుళం ఎత్తు, 1962లో ఒకే ఆటలో 100 పాయింట్లు కొట్టిన మనిషి. బుట్ట దగ్గర నిలబడితే కదిలించగలవాడు లేడు. కదలడం కూడా ఆయనకు పెద్దగా ఇష్టం లేదు. కోచ్‌కు నచ్చనిదీ అదే. ప్రిన్స్‌టన్‌లో అయితే అలాంటి కుర్రాణ్ని బెంచి మీద కూర్చోబెట్టి దారికి తెచ్చేవాడు. ఇక్కడ ఆ కుర్రాడి వయసు 32, జీతం కోచ్ జీతానికి ఎన్నో రెట్లు, తెచ్చిందేమో యజమాని. ఏడాదంతా ఇద్దరికీ పొసగలేదు. అయినా జట్టు 55 గెలిచి ఫైనల్ చేరింది.

ఎదుట మళ్లీ బోస్టనే. ముసలి జట్టు, తూర్పు విభాగంలో నాలుగో స్థానం. వాళ్ల కోచ్ బిల్ రసెల్ తనే ఆడుతున్నాడు కూడా, వయసు 35. లేకర్స్ మొదటి రెండూ గెలిచారు. తర్వాత 3-3 అయింది. ఏడో ఆట సొంతగడ్డ మీద. కుక్ బెలూన్లు కట్టించాడు. అంతటితో ఆగక, లేకర్స్ గెలిచాక ఉత్సవం ఎలా సాగుతుందో కాగితాల మీద అచ్చేయించి పంచాడు: ఏ బ్యాండు ఏ పాట వాయిస్తుందో, ఎవరితో ముచ్చటిస్తారో అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాగితం రసెల్ చేతిలో పడింది. పందెం ముందు ప్రత్యర్థికి అంతకన్నా మంచి మందు ఏ వైద్యుడూ ఇవ్వలేడు.

నాలుగో క్వార్టర్ మొదట్లో బోస్టన్ ఆధిక్యం 17 పాయింట్లు. వెస్ట్ ఒంటిచేత్తో దాన్ని తగ్గించుకుంటూ వస్తున్నాడు. ఆరు నిమిషాల లోపు ఆట మిగిలుండగా చాంబర్లేన్ మోకాలు పట్టేసి బయటికొచ్చాడు. ఆయన బదులు మెల్ కౌంట్స్ దిగాడు, బోస్టన్ వదిలేసుకున్న ఏడడుగుల ఆటగాడే. అయిదుగురూ కదలడం మొదలెట్టారు. తేడా కరిగి ఒక్క పాయింటుకు వచ్చింది. మోకాలు కుదుటపడ్డ చాంబర్లేన్ మళ్లీ వెళ్తానన్నాడు. నువ్వు లేకుండానే బాగా ఆడుతున్నాం, కూర్చోమన్నాడు కోచ్. మళ్లీ అడిగినా అదే జవాబు. అంతలో బోస్టన్‌కు చెందిన డాన్ నెల్సన్ విసిరిన బంతి రింగు వెనక అంచుకు కొట్టుకుని, నిట్టనిలువునా లేచి, నేరుగా బుట్టలో పడింది. 108-106. చాంబర్లేన్ చివరి నిమిషాల్లో బెంచి మీదే ఉన్నాడు. బోస్టన్‌కు 13 ఏళ్లలో అది 11వ టైటిల్. 42 పాయింట్లు, 13 రిబౌండ్లు, 12 అసిస్టులు చేసిన వెస్ట్‌కు ఉత్తమ ఆటగాడి బహుమతిగా ఓ కారిచ్చారు. అదీ బోస్టన్ రంగు, ఆకుపచ్చది.

కోచ్ పంతానికి పోయి కప్పు పోగొట్టాడన్నది అప్పటి మాట, ఇప్పటి మాట కూడా. నాకలా అనిపించదు. ఆ రాత్రి 27 రిబౌండ్లు పట్టిన మనిషిని ఆపడం సాహసమే, కాదనను. కానీ 17 పాయింట్లు వెనకబడినప్పుడు ఆడింది ఆ మనిషే, ఒక్క పాయింటుకు తెచ్చినప్పుడు లేనిదీ ఆ మనిషే. నెల్సన్ బంతి కాస్త పక్కకు పడుంటే ఇదే నిర్ణయాన్ని ధైర్యమని పొగిడేవారు. ఆ నెలలోనే వాన్ బ్రెడా కాఫ్ రాజీనామా చేసి డెట్రాయిట్ వెళ్లాడు. తర్వాత ఫీనిక్స్‌లో ఏడు ఆటలకే ఉద్యోగం పోయింది. న్యూ ఆర్లీన్స్ జట్టునూ, మిసిసిపీలో ఒక హైస్కూలు పిల్లలనూ, తను మొదట్లో పనిచేసిన చిన్న కాలేజీలనూ ఆడించి 2007లో పోయాడు.

లేకర్స్ బుద్ధి మారిందా? ఆయన స్థానంలో ప్రావిడెన్స్ కాలేజీ నుంచి జో ములానీని తెచ్చారు. 1970లో మళ్లీ ఫైనల్, మళ్లీ ఏడో ఆటలో ఓటమి. 1979లో లాస్ వేగాస్ కాలేజీ కోచ్ జెర్రీ టార్కేనియన్‌ను తేవాలని మాట్లాడుతుండగా ఆయన తరఫు మధ్యవర్తి హత్యకు గురై కారు డిక్కీలో శవమై దొరికాడు. టార్కేనియన్ తన కాలేజీలోనే ఉండిపోయాడు. ఆయన బదులు తెచ్చుకున్న కొత్త కోచ్ సైకిల్ మీద నుంచి పడి గాయపడితే, లా సాల్ కాలేజీ నుంచి సహాయకుడిగా వచ్చిన పాల్ వెస్ట్‌హెడ్ పగ్గాలు పట్టి 1980లో కప్పు తెచ్చాడు. మరుసటి ఏడాది నవంబరులో జట్టులోని పెద్ద తార మ్యాజిక్ జాన్సన్ తనను వేరే జట్టుకు పంపేయమన్నాడు. తెల్లారేసరికి ఉద్యోగం పోయింది వెస్ట్‌హెడ్‌కి.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. 1997లో బోస్టన్ కెంటకీ నుంచి రిక్ పిటీనోను పదేళ్ల ఒప్పందంతో తెస్తే 102 గెలిచి, 146 ఓడి నాలుగో ఏడాది మధ్యలో వెళ్లిపోయాడు. చికాగోలో టిమ్ ఫ్లాయిడ్ గెలిచినవి 49, ఓడినవి 190. కాలేజీ కోచ్‌లు పనికిరారని తీర్మానించేలోగా అదే బోస్టన్ 2013లో బట్లర్ నుంచి 36 ఏళ్ల బ్రాడ్ స్టీవెన్స్‌ను తెచ్చింది. గొంతెత్తని మనిషి. మూడుసార్లు సెమీఫైనల్ దాకా తీసుకెళ్లి, పై కుర్చీలోకి మారి, 2024లో కప్పు గెలిచిన జట్టును కూర్చాడు. స్టీవెన్స్ దారి చూపాడనుకునేలోగా మిషిగన్ నుంచి క్లీవ్‌లాండ్ వచ్చిన జాన్ బీలైన్ 54 ఆటలకే సంచి సర్దుకున్నాడు. కాలేజీలోనూ ఎన్‌బీఏలోనూ టైటిల్ గెలిచిన కోచ్ లారీ బ్రౌన్ ఒక్కడే. ఆయనేమో కాలేజీకీ లీగుకూ మధ్య జీవితమంతా తిరుగుతూనే ఉన్నాడు, ఏ ఖాతాలో రాసుకోవాలో తెలీదు. వాన్ బ్రెడా కాఫ్ పాఠం మాత్రం ఆయన శిష్యుడు పీట్ కారిల్ ద్వారా, సహాయ కోచ్ హోదాలో ఎన్‌బీఏ జట్టు శాక్రమెంటోకు చేరింది.

2024 జూన్‌లో లేకర్స్ మళ్లీ కాలేజీ గడప తొక్కారు. వరసగా రెండేళ్లు జాతీయ టైటిల్ గెలిచిన కనెక్టికట్ కోచ్ డాన్ హర్లీకి ఆరేళ్లకు సుమారు 7 కోట్ల డాలర్లు ఇస్తామన్నారని వార్తలొచ్చాయి. హర్లీ వద్దన్నాడు. వాళ్లు చివరికి జేజే రెడిక్‌ను పెట్టుకున్నారు. 15 సీజన్లు ఆడి పాడ్‌కాస్ట్ నడుపుకుంటున్న రెడిక్, అప్పటిదాకా పిల్లల జట్టుకు తప్ప ఎవరికీ కోచింగు చేసి ఎరగడు. మొదటి ఏడాదే 50 ఆటలు గెలిచాడు. హర్లీ కనెక్టికట్‌లోనే ఉండిపోయాడు. అక్కడా 2025 జులై నుంచి కుర్రాళ్లకు విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బులివ్వొచ్చు. కోచ్ బెంచి మీద కూర్చోబెడితే, సీజన్ అయ్యాక వాళ్లు ఇంకో కాలేజీకి మారిపోవచ్చు కూడా.