విడిపోవడానికి ఎంత కాలం? – బందరు రోడ్డు చెప్పే చరిత్ర



"పాస్టర్ గారూ, విడాకులు రావడానికి ఎంత కాలం పడుతుందండీ?" ఈ ప్రశ్న అడిగేవారు మన సంఘాల్లో ఈ మధ్య ఎక్కువయ్యారు. ఎక్కువసార్లు అడిగేది ఆ భార్యా కాదు, భర్తా కాదు. కూతుర్ని పుట్టింట్లో పెట్టుకున్న తల్లి అడుగుతుంది, లేకపోతే అన్న అడుగుతాడు. "ఆరు నెలలు", "రెండేళ్ళు" అని ఒక్కమాటలో చెప్పేస్తే అది నిజం కాదు. ఆ కాలాన్ని మన దేశంలో ఎవరు, ఎందుకు అలా పెట్టారో తెలిస్తే మన ప్రార్థన కూడా మారుతుంది. అందుకే ఈ వారం కొంచెం చరిత్ర చెప్పుకుందాం.

బెంజ్ సర్కిల్ దగ్గర మద్రాసు–కలకత్తా రహదారిని దాటుకుని తూర్పుకు వెళ్ళేది మన బందరు రోడ్డు. ఆ రోడ్డు చివరనున్న మచిలీపట్నంలో 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు దిగారు. నోబుల్ దొర పెట్టిన బడిలో 1852లో ఇద్దరు అగ్రకుల విద్యార్థులు, ఐనాల భూషణం, మంచాల రత్నం, బాప్తిస్మం పొందారు. ఊరు అట్టుడికింది. బడి ఖాళీ అయిపోయింది. తరువాత ఆ ఇద్దరూ గురువులయ్యారు.

ఆ రోజుల్లో దేశమంతటా ఇలాంటి ఇళ్ళలో ఒక ప్రశ్న లేచింది. చిన్నప్పుడే పెళ్ళయింది. భర్త క్రీస్తును నమ్ముకున్నాడు. భార్యను ఆమె పుట్టింటివారు పంపడం లేదు, లేదా ఆమే రానంటోంది. కొన్నిచోట్ల ఇది తిరగబడి భార్యే విశ్వాసి అయింది. ఇక ఆ పెళ్ళి ఉన్నట్టా, లేనట్టా? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయం 15వ వచనంలో పౌలు ఈ సంగతే మాట్లాడాడు. అవిశ్వాసి తానుగా ఎడబాసి వెళ్ళిపోతే విశ్వాసి బంధంలో ఉండనక్కరలేదనీ, దేవుడు మనల్ని సమాధానానికి పిలిచాడనీ ఆ మాటల భావం.

1866లో వైస్రాయ్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడైన హెన్రీ మెయిన్ దీనికోసం ఒక చట్టం చేయించాడు. అందులోని కాలం లెక్క చూడండి. మతం మారిన కారణంగా భార్య ఆరు నెలలపాటు వరుసగా దూరంగా ఉంటేనే భర్త కోర్టుకు వెళ్ళగలడు. ఆమె రానని చెప్పినా వెంటనే తీర్పు లేదు. కేసును ఒక సంవత్సరం వాయిదా వేయాలి. ఆ లోగా, న్యాయమూర్తికి సబబుగా తోస్తే, ఆయన చెప్పిన చోట, ఆయన నియమించిన మనుషుల ఎదుట ఇద్దరూ ఒకసారి కలుసుకోవాలి. ఆమె నిజంగా తన ఇష్టంతోనే కాదంటోందా, లేక ఎవరైనా అనిపిస్తున్నారా అని తేల్చుకోవడానికే ఆ కలయిక. ఏడాది తరువాత మళ్ళీ అడగాలి. అప్పుడూ కాదంటేనే విడుదల.

ప్రియులారా, ఆ సంవత్సరం ఊరికే కాలయాపన కాదు. ఆ ఏడాదిలో చేయవలసిన పని ఒకటుంది. ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మూడేళ్ళ తరువాత, 1869లో, క్రైస్తవులందరి కోసం ఇండియన్ డైవోర్స్ యాక్ట్ వచ్చింది. 1857 నాటి ఇంగ్లండ్ చట్టాన్ని చూసి రాసింది అది. భార్య వ్యభిచారం చేసిందని రుజువైతే భర్తకు విడాకులు వస్తాయి. భార్యకైతే అది చాలదు. భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేయడమో, అలాంటి ఇంకొక ఘోరమో కూడా రుజువు చేయాలి. ఉత్తగా కొట్టాడన్నా, వదిలేసి పోయాడన్నా ఆమెకు దొరికేది న్యాయస్థానం ద్వారా వేరుగా ఉండే హక్కే. పెళ్ళి మాత్రం అలాగే ఉంటుంది. ఇంగ్లండ్ తన చట్టంలోని ఈ తేడాను 1923లో తీసేసుకుంది. మన దగ్గర అది 2001 వరకు ఉండిపోయింది. అంటే 132 సంవత్సరాలు. ఎంత కాలం పడుతుందని ఆ రోజుల్లో అడిగిన ఎందరో క్రైస్తవ స్త్రీలకు చట్టం చెప్పిన జవాబు "ఎప్పటికీ రాదు" అనే.

కారణం రుజువైనవారికి కూడా బాట పొడుగే. జిల్లా జడ్జి విడాకులిస్తే అది చెల్లదు, హైకోర్టు ఖాయం చేయాలి. అక్కడ ముగ్గురు న్యాయమూర్తులు కూర్చోవాలి. జిల్లా జడ్జి తీర్పు తరువాత కనీసం ఆరు నెలలు గడవాలి. మన కృష్ణా జిల్లావారి కాగితాలు బందరు జిల్లా కోర్టు నుండి మద్రాసు హైకోర్టుకు వెళ్ళేవి. 1954లో మన హైకోర్టు గుంటూరులో మొదలైంది, 1956లో హైదరాబాదు చేరింది. కోర్టు ఊరు మారింది గాని ఆ నియమం మారలేదు. పక్కింటి హిందూ కుటుంబానికి ఆ ముగ్గురు న్యాయమూర్తుల గుమ్మం లేదు. మద్రాసు రాష్ట్రం 1949లోనే హిందువులకు విడాకుల చట్టం చేసింది. 1955లో దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది. 1976లో దానిలోనే పరస్పర అంగీకారంతో విడిపోయే దారి కూడా పెట్టారు.

ఈ అన్యాయాన్ని సుప్రీంకోర్టులో గట్టిగా చెప్పినవారిలో ఒకరు మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. 1985లో ఆయన ముందుకు మేఘాలయకు చెందిన ఒక క్రైస్తవ సోదరి కేసు వచ్చింది. 1975లో పెళ్ళి, 1980లో కోర్టు. కాపురం పూర్తిగా పోయిందని న్యాయమూర్తులకే కనబడుతోంది. అయినా క్రైస్తవ చట్టంలో ఆమెకు విడాకులిచ్చే దారి లేదు. ఆ సంగతి తీర్పులో రాసి, చట్టం మార్చాలని కోరుతూ ప్రతిని న్యాయ మంత్రిత్వ శాఖకు పంపించారు. చట్టం మారడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది.

2001 సవరణతో భార్యాభర్తలకు ఒకే కారణాలు వచ్చాయి. క్రూరత్వం, రెండేళ్ళు వదిలేయడం కూడా అందులో చేరాయి. హైకోర్టు ఖాయం చేయాలన్న నియమం పోయింది. ఇద్దరూ ఒప్పుకుంటే విడిపోయే దారి, అంటే 10ఎ సెక్షన్, తెరుచుకుంది. అయితే హిందువులకు ఒక ఏడాది వేరుగా ఉంటే చాలు, క్రైస్తవులకు రెండేళ్ళు అని రాశారు. కేరళ హైకోర్టు 2010లో, కర్ణాటక హైకోర్టు 2014లో దాన్ని ఏడాదికి తగ్గించాయి. 2022లో కేరళ హైకోర్టు ఆ ఏడాది కూడా అక్కరలేదంది. చట్టం పుస్తకంలో మాత్రం రెండేళ్ళనే ఉంది. కాబట్టి మీ విషయంలో ఏది వర్తిస్తుందో మంచి వకీలును అడగండి. దరఖాస్తు పెట్టాక ఆరు నెలలు గడిచి, పద్దెనిమిది నెలలు దాటకుండా ఇద్దరూ మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. హిందూ చట్టంలోని ఆ ఆరు నెలల్ని తగిన కేసుల్లో తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

ఒకరు కాదంటే మాత్రం ఇంత కాలమని చట్టంలో ఎక్కడా లేదు. సమను అందలేదని ఒక వాయిదా, వకీలు రాలేదని ఒకటి. భర్త గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే ఇంకొన్ని. మనోవర్తి ఎంత, పిల్లలు ఎవరి దగ్గర, పెట్టిన బంగారం ఎక్కడ, మీద పెట్టిన క్రిమినల్ కేసుల సంగతేమిటి – కాలాన్ని తినేసేవి ఇవే. ఉయ్యూరు నుండి, పామర్రు నుండి వాయిదాకని వచ్చి బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగే తల్లిదండ్రులకు ఇది నేను చెప్పనక్కరలేదు.

ఒక హెచ్చరిక. మన ఊళ్ళలో పెద్దమనుషులు కూర్చుని స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాయిస్తారు. "విడాకులు" అనే మాటలోనే ఆకు ఉంది, కాగితం చాలనుకుంటాం. క్రైస్తవ వివాహానికి ఆ కాగితం చాలదు. దాన్ని నమ్ముకుని మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అది చట్టం ముందు నేరం, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. కోర్టు డిక్రీ వచ్చి, అప్పీలు గడువు కూడా తీరాలి. అప్పటిదాకా ఏ సేవకునీ ఆ పెళ్ళి చేయమని బలవంతపెట్టకండి.

ఇక ఆత్మీయ సంగతి. మత్తయి 19లో ప్రభువు పరిత్యాగ పత్రిక గురించి చెబుతూ దాని వెనుక మనుషుల హృదయ కాఠిన్యం ఉందన్నాడు. కాలం ఒక్కటే ఆ కాఠిన్యాన్ని కరిగించదు. 1866 చట్టం రాసినవారికి కూడా ఇది తెలుసు, అందుకే ఆ ఏడాదిలో ఒక కలయిక పెట్టారు. నేడు కోర్టు ఇచ్చే ఆరు నెలల్లో మన సంఘం ఏం చేస్తోంది? ఎవరిది తప్పో మాట్లాడుకుంటోంది. ఆదివారం ఆమె పక్కన కూర్చోవడానికి వెనకాడుతోంది. ఆ రోజుల్లోనే ఇద్దరు పెద్దలు అటు ఒకసారి, ఇటు ఒకసారి వెళ్ళి కూర్చుని వినాలి. ఆమె ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇవ్వాలి. కలిసేలా ఉంటే కలపాలి. దెబ్బలు తిన్న బిడ్డను మాత్రం "సర్దుకుపో" అని తిరిగి పంపవద్దు. 132 ఏళ్ళు చట్టం ఆ పని చేసింది, సంఘం కూడా చేయనక్కరలేదు.

కోర్టు తీర్పు వచ్చేదాకా ఆ ఇంట్లో పిల్లల స్కూలు ఫీజు ఎవరు కడుతున్నారో ఈ వారం ఒకసారి కనుక్కోండి.

తండ్రీ, తీర్పు కోసం ఎదురుచూస్తున్న ప్రతి ఇంటినీ నీ చేతికి అప్పగిస్తున్నాము. కలవగలవారిని కలుపు. కలవలేనివారిని ద్వేషం నుండి కాపాడు. వారి పిల్లల్ని నీ రెక్కల క్రింద దాచు. యేసు నామమున, ఆమేన్.