హేస్టింగ్సు భవనమందలి ప్రేతము

కలకత్తా నగరమున, ఆలీపురమునందు, వారన్ హేస్టింగ్సు కట్టించిన భవన మొకటి కలదు. చీకటి పడిన పిమ్మట నాలుగు గుఱ్ఱముల బండి యొకటి దాని వాకిట వచ్చి నిలుచుననియు, అందుండి దొర దిగి, పోయిన తన సొరుగుల బల్లకై గదిగదియు వెదకుననియు ప్రతీతి. ఇది యెంతవఱకు నిజము?

కథ కేవలము గాలిలో పుట్టినది కాదు. 1785 ఫిబ్రవరిలో హేస్టింగ్సు బంగాళమును విడిచి ఓడ యెక్కెను. ఆయన సామానులు వేలమున అమ్ముడుపోయెను. నల్లకఱ్ఱతో చేసిన పాత సొరుగుల బల్ల మాత్రము కానరాకపోయెను. అందు రెండు చిన్న చిత్తరువులును, కొన్ని సొంత కాగితములును ఉండెను. 1787లో కలకత్తా గెజెటు పత్రికయందు ఆయన తరఫువారు ప్రకటన వేయించి, ఆ వస్తువుల జాడ తెలిపినవారికి 2,000 సిక్కా రూపాయలు బహుమాన మిత్తు మనిరి. సామాన్యమైన మొత్తము కాదది. ఆ యేడే ఇంగ్లండున పార్లమెంటు ఆయనపై అభియోగము మోపెను. విచారణ 1788లో మొదలై 1795లో గాని ముగియలేదు. ఆయన నిర్దోషిగా తేలెను. అయినను నందకుమారుని ఉరి, 1775 నాటిది, బంగాళీయులు మఱచినది కాదు. అట్టి పాలకుడు పోగొట్టుకొన్న కాగితములలో ఏమి యుండెనో యని జనులు ఊహలల్లుట వింతగాదు.

కాని ఆ ప్రకటననే శ్రద్ధగా చదివినచో చిక్కు వచ్చును. బల్ల పోయినది ఎస్ప్లనేడు ఇంటినుండి యనియో, లేదా వేలమున పొరపాటున అమ్ముడుపోయెననియో అందు స్పష్టముగా నున్నది. ఆలీపురపు ప్రసక్తియే లేదు. బ్రదికియున్నప్పుడు తన సొత్తు ఏ యింట పోయినదో ఎఱిగిన మనుష్యుడు చచ్చిన వెనుక దారి తప్పునా? ఆయన మరణించినది 1818లో, ఇంగ్లండులోని డేల్స్‌ఫర్డునందు. ప్రేతము నిజమైనదే యైనచో పత్రిక చదివినవానికి తెలియని సంగతి యొకటైన బయటపెట్టవలెను. ఇది పత్రికకన్న తక్కువ ఎఱుగును!

1901లో కర్జను ప్రభువు ఈ భవనమును ప్రభుత్వమునకై కొనిపించి అతిథిగృహముగా తీర్చెను. స్వాతంత్ర్యానంతరము స్త్రీలకు ఉపాధ్యాయశిక్షణ నిచ్చు కళాశాల ఇచట వెలసినది. ఎస్ప్లనేడు బేరసారములతో, బండ్లతో, దీపములతో నానాటికి క్రిక్కిఱిసిన చోటు. ఆలీపురపు ఇల్లు విశాలమైన ఆవరణమున, దొరపేరుతోనే నిలిచియున్నది. బండి చప్పుడు వినుటకు అచట నిశ్శబ్దమైన ఉన్నది.