యంత్రపు సెగ – ఒక చిన్న చరిత్ర

నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం మా నాన్నగారి నోటుపుస్తకం ముందు పెట్టుకొని, అందులోని మాటలను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాను. ఆయన పల్నాటి పల్లెలు తిరిగి ఏరిన సేద్యపు మాటల పుస్తకమది. కపిల, బాన, నొగ, మేడి, మోట – ఆ పనిముట్లతోపాటే వాడుకనుండి జారిపోతున్న పదాలు. కాగితం అంచులు పొడి రాలుతున్నాయి; సిరా వెలిసిపోయింది. మరొక ప్రతి లేదు. 'గ' అక్షరం పూర్తి కావస్తుండగా యంత్రంలోని పంకా హోరెత్తి, తెర ఒక్కసారిగా నల్లబడింది. భద్రపరచని నూరు పదాలు దానితోపాటే పోయాయి. అడుగున చేయి పెడితే పెనం తాకినట్లయింది.

కోపం వచ్చిన మాట నిజం. అయితే ముప్పైయేళ్ళకు పైగా బడిలో గడిపినవాణ్ణి. పిల్లవాణ్ణి దండించే ముందు కారణం అడగడం అలవాటు. యంత్రాన్ని గూర్చీ అదే చేశాను. నేను తెలుసుకొన్న కథను మిత్రులతో పంచుకొందామని ఈ నాలుగు మాటలు.

కంప్యూటరు తాను పుచ్చుకొన్న విద్యుత్తునంతా దాదాపుగా వేడిగానే బయటకు వదులుతుంది. లెక్క కట్టినా, అక్షరం చూపినా చివరకు మిగిలేది సెగే. ఈ బాధ ల్యాప్‌టాప్‌తో పుట్టలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నిర్మించి, 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపిన ఎనియాక్ అనే యంత్రంలో దాదాపు 18,000 శూన్యనాళికలుండేవి. బరువు 30 టన్నులు. వాడుకొన్న విద్యుత్తు సుమారు 150 కిలోవాట్లు. ఆ సెగను తోలివేయడానికి పెద్ద పెద్ద గాలిమరలు ఆడేవి. లోపలి వేడి మితిమీరితే విద్యుత్తును ఆపివేసే ఏర్పాటు కూడా అందులో ఉండేది. అంటే నా యంత్రం అలిగి ఆగలేదు. ముత్తాతల నాటి ఆచారాన్ని పాటించి, తన ప్రాణం కాపాడుకొన్నది.

1947లో ట్రాన్సిస్టరు వచ్చింది. 1958లో ఒకే పలుకుమీద పలు భాగాలను ఇమిడ్చే విద్య పట్టుబడింది. ఒక్కొక్క భాగం వదిలే వేడి తగ్గింది గాని, అదే చోటున కూర్చోబెట్టిన భాగాల సంఖ్య అంతకంతకూ పెరిగింది. ఇల్లు చిన్నదై చుట్టాలు ఎక్కువైనట్లయింది. సెమోర్ క్రే అనే నిర్మాత 1976 నాటి తన క్రే-1 యంత్రాన్ని, శీతలయంత్రాలలో వాడే ఫ్రియాన్‌తో చల్లబరచాడు. 1985 నాటి క్రే-2లోనైతే లోపలి పలకలన్నింటినీ విద్యుత్తు ప్రవహించని ఒక ద్రవంలో ముంచివేశాడు. లెక్కలు చేసే యంత్రం నీటిలో మునిగిన తపస్విలాగా పనిచేసింది!

ఒడిలో పెట్టుకొనే యంత్రానికి ఆ వైభోగం కుదరదు. దానికి ఆధారమైన ఉపాయం ఒకటి 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ చేతిలో రూపు దిద్దుకొన్నది. రెండు చివరలూ మూసిన లోహపు గొట్టం, లోపల కొద్దిపాటి ద్రవం. నేటి ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా రాగిగొట్టం, అందులో కాస్త నీరు. వేడి తగిలిన కొసన ద్రవం ఆవిరై, ఆ వేడిని మోసికొని రెండవ కొసకు పోతుంది. అక్కడ చల్లబడి మరల ద్రవమవుతుంది. ప్రమిదలో వత్తి నూనెను పీల్చినట్లు, గొట్టం లోపలి పొర ఆ ద్రవాన్ని వెనుకకు లాగుకొంటుంది. చల్లని కొసన చేరిన వేడిని పంకా బయటకు ఊదుతుంది. ఆవిరి వేడిని వెంట తీసికొని పోవడం మనకు కొత్త కాదు. మట్టికూజా, వట్టివేళ్ళ తడిక చేసే పని అదే.

ఇన్ని ఉపాయాలూ వేడిని ఒక చోటినుండి మరొక చోటికి తరలించేవే గాని, పుట్టకుండా ఆపేవి కావు. 2001లో ఇంటెల్ సంస్థకు చెందిన పాట్ గెల్సింగర్ ఒక సభలో హెచ్చరించాడు: ఇదే తీరున సాగితే పదేళ్ళలో చిప్పుల సెగ అణురియాక్టరు తీవ్రతకూ, రాకెట్టు ముక్కుగొట్టపు తీవ్రతకూ చేరుతుందని. 2004లో ఆ సంస్థయే తేజస్ అనే చిప్పు నిర్మాణాన్ని విరమించుకొన్నది. ఒక్క బుర్రను అతివేగంగా పరుగెత్తించే బదులు, రెండు బుర్రలను మితవేగంతో నడిపే దారికి పరిశ్రమ మళ్ళింది. వేడెక్కినప్పుడు తనంతట తానే వేగం తగ్గించుకొనే బుద్ధి కూడా చిప్పులకు అప్పటికే అలవడింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం 1961లో రోల్ఫ్ లాండవర్ అనే శాస్త్రవేత్త చెప్పిన మాట. జ్ఞాపకంలోని ఒక అంశాన్ని చెరిపివేసినప్పుడు, ఎంత స్వల్పమైనా సరే, కొంత వేడి పుట్టక తప్పదని ఆయన సిద్ధాంతం. 2012లో ప్రయోగం దానిని ధ్రువపరచింది. నేటి యంత్రాల సెగ ఆ కనిష్ఠానికి ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, నా ల్యాప్‌టాప్ కాలడానికి అది కారణం కాదు. అయినా నల్లబల్లను లెక్కలేనన్ని మార్లు తుడిచిన చేయి నాది. చెరిపివేత ఉచితం కాదన్న మాట, వెలిసిపోతున్న పుస్తకం ముందు కూర్చొన్న నాకు ఊరికే శాస్త్రంగా తోచలేదు.

ఇక నా యంత్రం సంగతి. నరసరావుపేటలో మరమ్మతు చేసే అబ్బాయి దాన్ని విప్పి చూపించాడు. గాలి వెళ్ళే సందులో దుమ్ము దూదిపింజలాగా పేరుకొని ఉన్నది. చిప్పుకూ రాగిగొట్టానికీ నడుమ పూసే లేపనం ఎండి బీటలు వారింది. "మాస్టారూ, దీన్ని పరుపుమీద పెట్టుకొని పని చేస్తున్నారా?" అని అడిగాడు. తల వంచుకోవలసి వచ్చింది. అడుగున గాలి పీల్చుకొనే రంధ్రాలను నేనే మూసి, దాని ఊపిరి తీశాను. పైగా ఇటువంటి యంత్రాలకు చుట్టూ గాలి 35 డిగ్రీలు దాటరాదని వాటి వెంట వచ్చే పత్రాలలో సాధారణంగా ఉంటుంది. రెంటచింతల ఎండ ఎటువంటిదో తెలిసిన పల్నాటి వాడు మే నెల మిట్టమధ్యాహ్నం ఆ పని పెట్టుకొన్నాడు!

అతడు దుమ్ము దులిపి, కొత్త లేపనం పూసి ఇచ్చాడు. ఇప్పుడు యంత్రం చెక్కబల్లమీద, వెనుకవైపు రెండు చెక్కముక్కల ఎత్తున ఉంటుంది. పది పదాలకొకసారి భద్రపరుస్తున్నాను. వారానికొకసారి మరొక చోట ప్రతి తీసి ఉంచుతున్నాను. పని తెల్లవారుజామున. పోయిన 'గ' మాటలన్నీ తిరిగి ఎక్కాయి. నిన్నటికి 'మ' వరకు వచ్చాను.

'మోట' అన్న మాట పక్కన నాన్నగారు సన్నని అక్షరాలతో ఒక సంగతి వ్రాసి ఉంచారు. మోట తోలేవాడు చీకటితో మొదలుపెట్టి, ఎండ ముదరగానే ఎద్దులను విప్పి నీడన కట్టేవాడట. దానిని కూడా విడువకుండా ఎక్కించాను.