బొడ్డు మీద ఒక పుస్తకం

1916లో థామస్ కల్లెన్ ఒక్క బొడ్డు మీదే లావుపాటి పుస్తకం వేశాడు. బొమ్మలు మాక్స్ బ్రోడెల్‌వి. బాల్టిమోర్ జాన్స్ హాప్‌కిన్స్‌లో గైనకాలజిస్టుకు బొడ్డుతో ఏం పని అంటారా? కొందరు ఆడవాళ్లకు బొడ్డులో చిన్న గడ్డ లేచి, ముట్టు రోజుల్లో ఉబ్బి నెత్తురు కారేది. కోసి చూస్తే లోపల గర్భసంచి పొర! ఫ్రాన్సులో విల్లార్ 1886లోనే దీన్ని రాశాడు. కల్లెన్ ఊరుకోలేదు. ఆ పొర పెద్దపేగు మీద, పొట్ట కండరంలో, ఇంకా ఎక్కడెక్కడ దొరికిందో 1920లో ఒకే బొమ్మలో చూపించాడు.

అక్కడికెలా చేరింది? ముట్టు నెత్తురు కొంత ఫెలోపియన్ ట్యూబుల గుండా వెనక్కి పొట్టలోకి పోతుందని, అందులోని పొర ముక్కలు పడ్డచోట నాటుకుంటాయని 1927లో ఆల్బనీ డాక్టరు జాన్ శాంప్సన్ అన్నాడు. సిరల్లోంచీ పోవచ్చన్నాడు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

1958లో మౌరర్ బృందం రాసిన కేసు మరీ విడ్డూరం. ఒకావిడకు కుడి ఊపిరితిత్తి మాటిమాటికీ కుంగిపోయేది, అదీ నెలసరప్పుడే. ఛాతీ తెరిస్తే డయాఫ్రమ్ మీద అదే గర్భసంచి పొర, అంటే ఎండోమెట్రియోసిస్. ఇలాంటివి దాదాపు అన్నీ కుడివైపే. పొట్టలోని ద్రవం కుడి పక్క నుంచే పైకి పాకుతుంది మరి.

నేను పాథాలజిస్టును. నా మైక్రోస్కోపు కిందికి వచ్చే ఇలాంటి గడ్డల్లో ఛాతీవి అరుదు, సిజేరియన్ కుట్టు దగ్గరివే ఎక్కువ. చీటీలో సర్జన్ 'కుట్టుదారం గడ్డ' అని రాస్తాడు. స్లైడులో మాత్రం గర్భసంచి పొరే: గుండ్రటి గ్రంథులు, చుట్టూ కిక్కిరిసిన స్ట్రోమా కణాలు, పాత నెత్తురు వదిలిన గోధుమరంగు రేణువులు. "నెలసరిలో నొప్పి పెరిగేదా?" అని ఫోన్ చేస్తే, "అడగలేదు మేడమ్." పేషెంటును అడిగితే తేదీలతో సహా చెప్పేది! 2019-21 జాతీయ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అడగాల్సినవాళ్లు ఇక్కడ తక్కువేం లేరు.

ఈ జబ్బుకు వైద్యంగా ఒకప్పుడు అండాశయాలే తీసేసేవారు. 1970లలో డానజోల్ అనే హార్మోన్ మందు వచ్చింది. కొందరికి మీసాలు మొలిచాయి, గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు కుట్టు గడ్డను చుట్టూ ఓ సెంటీమీటరు మంచి కండతో సహా తీస్తే చాలామందికి అంతటితో సరి. ఛాతీ జబ్బుకు మాత్రం ఆపరేషను తర్వాతా హార్మోన్ మందులు వాడాల్సొస్తుంది. అయినా కొందరికి మళ్లీ వస్తుంది.