అరువు బాకీల వసూలు: బిల్లు మీద గడువు తేదీ లేకపోతే ఏమవుతుంది? పల్నాడు షాపుల వాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు

నరసరావుపేట: పల్నాడులో ఎరువులు, పురుగుమందుల షాపు నడపడమంటే సగం పని మందులు అమ్మడం, మిగతా సగం బాకీలు వసూలు చేసుకోవడం. నరసరావుపేట, మాచర్ల, గురజాల.. ఎక్కడైనా ఇదే లెక్క. మిర్చి నాట్లు ఆగస్టు, సెప్టెంబరులో పడతాయి. మందుల ఖాతా అప్పుడే మొదలవుతుంది. కోతలు జనవరి ప్రాంతంలో. గుంటూరు యార్డులో టిక్కీలు అమ్ముడై రైతు చేతికి డబ్బు వచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి. అప్పటిదాకా డిస్ట్రిబ్యూటర్ ఆగడు కదా! షాపాయన నలిగిపోయేది ఇక్కడే.

"పంట వచ్చాక ఇస్తాలే" అని రైతు అంటాడు. "సరే బాబాయ్" అని షాపాయన పద్దు రాస్తాడు. తేదీ మాత్రం ఎవరూ రాయరు. అసలు తిరకాసు అదే.

చట్టం ఏం చెబుతోంది?

అరువిచ్చిన సరుకు సొమ్ము కోసం దావా వేయాలంటే 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్లే గడువు. చెల్లింపు తేదీ ముందే ఒప్పుకుని ఉంటే ఆ తేదీ నుంచి లెక్క. అలా లేకపోతే సరుకు ఇచ్చిన రోజు నుంచే. ఈ మూడేళ్లలోపు బాకీదారు "ఇంత ఇవ్వాలి" అని రాసి సంతకం పెడితే, సంతకం చేసిన రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు వస్తాయి. కొంత జమ చేసినా గడువు పెరుగుతుంది. కాకపోతే ఆ జమ బాకీదారు చేతిరాతతోనో, సంతకంతోనో ఉండాలి. షాపాయన తన పుస్తకంలో తానే రాసుకుంటే చాలదు. అందుకే ఏడాదికోసారి, ఉగాదికి ముందు ఖాతా చూపించి సంతకం తీసుకోవడం మంచిది. మొహమాటపడితే నష్టపోయేది షాపాయనే.

ఫోన్ ఎప్పుడు చేయాలి?

చాలామంది గడువు దాటి, కోపం వచ్చాక చేస్తారు. అప్పుడది గొడవే అవుతుంది. కోతకు పదిహేను రోజుల ముందే "బాబాయ్, బ్యాలెన్స్ ఇంత ఉంది, ఒకసారి చూసుకో" అని వాట్సాప్‌లో బిల్లు పంపితే లెక్కలో తేడాలు అప్పుడే తేలిపోతాయి. మిర్చి ఒక్క కోతతో అయిపోయేది కాదు, పత్తి కూడా అంతే. మొత్తం ఒకేసారి అడిగే బదులు కోత కోతకీ కొంత అని ముందే మాట్లాడుకుంటే రైతుకూ భారం ఉండదు.

"మందు పనిచేయలేదు, డబ్బులివ్వను" అంటే? ఆ ఒక్క మందు బిల్లు పక్కన పెట్టి, కంపెనీ మనిషిని పొలానికి పంపించాలి. మిగతా బాకీ మామూలుగానే అడగొచ్చు. రెండూ కలిపేస్తే మొత్తం ఆగిపోతుంది.

నిజంగా పంటే పోతే సంగతి వేరు. 2021లో నల్ల తామర పురుగు మిర్చిని ఊడ్చేసింది. 2025 మొదట్లో ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ప్రకటించింది. అలాంటి ఏడాది సరుకు అమ్ముడైందా, కోల్డ్ స్టోరేజీలో ఉందా అని ముందు కనుక్కోవాలి. సరుకుండి ధర కోసం ఆగే రైతుకు కొత్త తేదీ రాసుకోవచ్చు. చేను పోయిన కౌలు రైతును నలుగురిలో నిలదీస్తే మాత్రం బాకీ రాదు సరికదా, ప్రాణాల మీదకు వస్తుంది. అప్పుల బాధతో జరిగిన ఆత్మహత్యలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. బ్యాంకుల రికవరీ ఏజెంట్లే ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022లో ఆర్బీఐ చెప్పింది. ఆ రూలు షాపులకు వర్తించదు గానీ, పాటిస్తే పోయేదేం లేదు.

చెక్కు బౌన్స్ అయితే?

బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. కానీ కేసు వేసిన రైతు మళ్లీ మీ షాపు గడప తొక్కుతాడా? ఆయన చుట్టాలు కూడా పక్క షాపుకే పోతారు. అంతదాకా రాకముందే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. కేసు వేయకముందే అక్కడ రాజీ చేసుకునే వీలుంది, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు చేసిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.